ప్రియమైన సామాను

మా ఆయన కాజిమిర్‌కి ఫ్యాక్టరీ ఇచ్చే పెన్షన్ కన్నా, దాని మీద న్యూయార్క్ రాష్ట్రం వేసే పన్ను మీదే ధ్యాస ఎక్కువ. ఫ్లోరిడాలో ఆ పన్ను లేదని బౌలింగ్ క్లబ్బులో విన్న రోజు నుంచి ఆయన ఒంటికి మా ఊరు బఫలో మంచు పడటం మానేసింది. అంతకుముందు పుట్టి పెరిగి ముసలాడైంది ఆ మంచులోనే.

అక్కడ ఊరికే ఇల్లు కొంటే చాలదట. పన్ను ఆఫీసువాళ్లు పిలిచి, మీకు ప్రియమైనవన్నీ ఏ రాష్ట్రంలో ఉన్నాయని అడుగుతారట. అవి ఎక్కడుంటే అదే మన ఇల్లట. ఇదీ క్లబ్బు మేధావులు చెప్పిందే. అంతే, మా ఆయన ట్రక్కు అద్దెకు తెచ్చి తన పడక కుర్చీ, బౌలింగ్ బంతి, వాళ్లమ్మ గోడగడియారం, చివరికి మా కుక్క ప్రెట్జెల్‌ని కూడా ఎక్కించాడు. నేను రానన్నాను. ఇక్కడ నాకు చర్చిలో పాటల బృందం ఉంది, చెల్లెలుంది. పెరట్లోకి మొసళ్లొచ్చే ఊరితో నాకేం పని? ఆయన పెద్దగా బతిమాలలేదు. కుక్కని మాత్రం ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్లాడు. ఆ కోపం నాకు కడుపులో అలాగే ఉండిపోయింది.

మరుసటి శీతాకాలం పన్ను ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. విచారణ బఫలోలోనే. నన్నూ రమ్మన్నారు. మా ఆయన ఆఫీసరమ్మ ముందు పాఠం అప్పజెప్పినట్టు కుర్చీ, బంతి, గడియారం, కుక్క అని చెప్పుకుపోయాడు. ఆవిడ ఓపిగ్గా రాసుకుంది.

"మరి మీ ఆవిడ ఎక్కడుంటారు?" అని అడిగింది.

"ఇక్కడేనండి. రానంది."

"అయితే మీకు ప్రియమైనవాటిలో ఆవిడ లేరని రాసుకోమంటారా?"

అవునంటే పన్ను తప్పుతుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ ముసలాడు ఎక్కడ అవుననేస్తాడోనని భయంతో నాకు ఏడుపొచ్చేలా ఉంది.

మా ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బట్టతల నిండా చెమట.

"అలా రాయకండి," అన్నాడు. "మా ఇల్లు బఫలోలోనే ఉందని రాసుకోండి. కుక్కని తెచ్చేసుకుంటాను."

కట్టాల్సిన పన్నూ, దాని మీద వడ్డీ ఎంతో ఆవిడ చెప్పింది. బయటికొచ్చి కారు దాకా నడిచాం. మా ఆయన నా కోసం తలుపు తెరిచి పట్టుకుని, అప్పుడన్నాడు.

"చాలా ప్రియమైపోయావే, వాండా."

ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. ఏ అర్థంలో అన్నాడో నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తాడు, ఆ మనిషి.