మొహమాటం లేని కంప్యూటర్

కరపత్రం ఒకటి చివరిసారి చూసి అచ్చు ప్లేట్లు చేసే గదికి పంపబోతుండగా పిన్ని ఫోన్ మోగింది.

"అత్తయ్యా! నా పుస్తకం మీ ప్రెస్సుకే ఇచ్చారట! ఇప్పుడే ఫైలు పంపాను, చూడండి చూడండి!"

కోడలి గొంతుకే పిన్ని మొహం విప్పారింది. ప్రెస్సులో అందరికీ ఆమె ఒత్తుల పిన్ని. కస్టమర్లు పంపే ఫైళ్ళలో ఎక్కడ ఒత్తు జారినా ఆమె కంట పడాల్సిందే. ఈమధ్యే ఇంటికొచ్చిన కోడలు పేజీలు డిజైన్ చేసిన తొలి పుస్తకం ఇది, పిల్లల కోసం పక్షుల బొమ్మలతో.

పెద్ద కంప్యూటర్లో తెరిచింది. వడ్రంగిపిట్ట. దాని కింద, కొమ్మ మీద వాలినట్టు గుండ్రటి అక్షరాల్లో పేరు.

"కోడలి పనేగా, కళ్ళు మూసుకుని తోసేస్తావా పిన్నీ?" అన్నాడు మెషిన్ ఆపరేటర్.

"ఆగరా. చిన్నదాన్ని అడగనీ."

పెద్దది మొహమాటస్తురాలు. ఇన్నేళ్ళుగా కస్టమర్లు ఇచ్చిన ఫాంట్లన్నీ పిన్ని అందులోనే వేసింది. ఫైల్లో ఫాంటు లేకపోయినా అది తన దగ్గరున్నది తొడిగి పరువు కాపాడేస్తుంది. మూలనున్న చిన్న కంప్యూటర్లో మాత్రం ఏ ఫాంటూ వేయనివ్వలేదు. అది ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది.

ఫైలు అందులో తెరవగానే చెప్పేసింది. పేర్లున్న చోటల్లా ఖాళీ గళ్ళు.

"పిట్టలన్నీ ఉన్నాయి. పేర్లే ఎగిరిపోయాయి," అన్నాడు ఆపరేటర్.

పిన్ని నవ్వలేదు. సాయంత్రానికి ప్లేట్లు కావాలి. పెద్దదానిలో తనే సరిచేసి పంపితే పిల్లకి తెలియను కూడా తెలియదు. చెయ్యి మౌస్ మీదికి పోయింది. ఈ ఉద్యోగంలో ఆమెకిదే ఆఖరి రోజు. తర్వాతి పుస్తకం ఇంకెవరి చేతిలోనో పడి, గళ్ళతోనే అచ్చయిపోతే? ఫోన్ తీసింది.

"నా దగ్గర బాగానే ఉందత్తయ్యా, ఒట్టు!"

"నీ దగ్గరుంటుందమ్మా. ఫాంటు నీ కంప్యూటర్లోనే ఉందిగా. పెట్టె సర్దకుండా మనిషిని ఊరికి పంపావు."

"మీరే సర్దేయరూ? మీ అబ్బాయికి మాత్రం చెప్పకండి, వారం రోజులు నవ్వుతారు."

"వాడి సంగతి నేను చూసుకుంటా. రేపట్నుంచి నేనిక్కడ ఉండనుగా. నువ్వే సర్దు."

అవతల పెన్ను మూత తీసిన చప్పుడు.

"సరే. ఎలాగో చెప్పండి."

పీడీఎఫ్ చేసేటప్పుడు ఏది నొక్కాలో, ఫాంట్లు ఫైల్లో చేరాయో లేదో ఎక్కడ చూడాలో పిన్ని ఓపిగ్గా చెప్పింది. టీ చల్లారిపోయింది.

మధ్యాహ్నం కొత్త ఫైలొచ్చింది. తిన్నగా చిన్నదానిలో తెరిచింది. వడ్రంగిపిట్ట టవత్తు తన చోట తను కుదురుగా కూర్చునుంది. చివరి పేజీ దాకా ఒక్క గడీ కనిపించలేదు.

ప్లేట్ల గదికి తనే నడిచి వెళ్ళి, "మా కోడలు చేసింది," అంది. కాగితం కట్టలు దించుతున్న మనిషి ఏమీ అడగలేదు. అయినా అతనికీ చెప్పింది.

సాయంత్రం బల్ల తుడిచి, సంచి భుజాన వేసుకుంది.

"ఒరేయ్, రేపు తొలి ఫారం అచ్చవడం చూడ్డానికి నేనూ కోడలూ వస్తాం. ముందు గుమ్మంలోంచే! కస్టమర్లం మరి, కుర్చీలు తుడిచి ఉంచు."

"చిత్తం మేడమ్!" వంగి దండం పెట్టాడు ఆపరేటర్.

నవ్వుకుంటూ, ఎప్పటిలాగే వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. ఆమె కుర్చీలో, తన చేత్తో కుట్టుకున్న వెలిసిన నీలం దిండు, నడుమ గుంట ఇంకా పూడకుండా అలాగే ఉంది.