పంఖా లేని గాలిమోటరు

చెరువు ఒడ్డున రాతిగుండు ఎక్కేటప్పుడు సాయన్న మూడుచోట్ల ఆగుతాడు. మొదటిచోట చేతిలోని తాటాకు మూతలు రెండూ కింద పెట్టి దగ్గుతాడు. రెండోచోట ఊపిరి కోసం. మూడోచోట ఆగడానికి కారణమేమీ లేదు. అక్కడినుంచి చెరువు మొత్తం కనిపిస్తుంది, అంతే.

ఆ ఉదయం కూడా అలాగే ఆగాడు. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు వానలకు నిండి, పలుచని మంచు కింద అంచు లేకుండా పరుచుకుని ఉంది. నీళ్లు ఎక్కడ అయిపోయి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఇలాంటి పొద్దుల్లో అతనికి కాళ్ల కింద రాయి మెల్లగా ముందుకు సాగుతున్నట్టు ఉంటుంది. ఆ భ్రమను అతను ఎన్నడూ వదిలించుకోవాలనుకోలేదు.

కింద జానయ్య, ఇంకో ఏడుగురు పెద్దవల పట్టుకుని మొలలోతు నీళ్లలోకి దిగుతున్నారు. నీళ్లలో ఉన్నవాళ్లకు చేపల గుంపు కనబడదు. గుండు మీది మనిషికి నీటి రంగు మారడం కనబడుతుంది. అతను మూతలు కుడికి ఊపితే వల కుడికి పోవాలి. రెండూ ఒక్కసారి కిందికి దించితే మూసి లాగాలి. బొంబాయి నుంచి పాడైన ఊపిరితో తిరిగి వచ్చినప్పటి నుంచీ సాయన్నది ఇదే పని.

"జర సక్కగ సూడు, జహాజన్నా," జానయ్య కిందినుంచి కేకేశాడు. "ముందుగాల చేపలు సూపియ్యి. గాలిమోటర్లు ఎన్క సూద్దువు."

గాలిమోటరంటే విమానం; ఆ మాటకు నీళ్లలో నవ్వులు లేచాయి. గుండు మొదట్లో గంపల దగ్గర కూర్చున్న అతని భార్య బాలనర్సమ్మ మాత్రం నవ్వలేదు.

పెద్ద యుద్ధం అయిపోయిన ఏడాది సాయన్న బొంబాయి గోదీలో, ఓడలు ఆగే రేవులో, వాటి తుప్పు గీకే కూలీగా చేరాడు. ఏడు నెలలు. చివర్లో అతను ఎక్కిన యుద్ధపు ఓడ మీద ఇళ్లుండవు, తెరచాపలుండవు. దున్నిన చేనంత ఇనుప మైదానం, అంతే. పని మిగిలిపోయి కూలీలతో సహా ఓడ రెండు రోజులు సముద్రంలోకి పోయింది. అప్పుడు చూశాడు. మైదానం చివర ఒక మనిషి చేతుల్లో రెండు గుండ్రటి అట్టలు పట్టుకుని నిలబడ్డాడు. ఆకాశంలోంచి విమానం అతని చేతుల్నే చూస్తూ దిగింది; చివర అతను ఒక అట్టను గొంతు ముందునుంచి అడ్డంగా లాగగానే ఇంజను ఆపింది. తోక కింది కొక్కెం అడ్డంగా కట్టిన తాడుకు తగులుకుని, వలలో పడ్డ చేపలా గుంజుకుని ఆగింది. వెళ్లేటప్పుడు ఒక నావికుడు ఇంగ్లీషు పేపరు ముక్క ఇచ్చాడు. అందులో అలాంటి ఓడ మీదికే దిగుతున్న మరో విమానం బొమ్మ. దానికి ముందర తిరిగే పంఖా లేదు.

"పంఖా లేకుంటే ఎట్ల ఎగురుతదే?" అని ఊళ్లో అందరూ అడిగారు. వెనక్కి గాలి తన్ని ఎగురుతుందని చూపడానికి సాయన్న పెద్ద బొచ్చె చేప కడుపులోని గాలితిత్తిని ఊది వదిలాడు. అది బుస్సుమంటూ ఎగిరి జానయ్య కూరగిన్నెలో పడింది. ఆనాటి నుంచే జహాజన్న, అంటే ఓడన్న, అనే పేరు.

నవ్వులు అతన్ని బాధించవు. బాధించేది బాలనర్సమ్మ మౌనం. ఆ ఏడు నెలలూ భర్త బొంబాయిలో ఇంకో కాపురం పెట్టాడని ఆమె నమ్మకం. ఓడ కథంతా దాన్ని కప్పడానికి అల్లిందే. ఒక్కసారి మాత్రం చేపలు తోముతూ, తలెత్తకుండా అంది: "నీ జహాజు ఏ రంగు చీర కట్టేది?" అబద్ధమైతే ఏదో ఒక రంగు చెప్పేవాడు. జరిగినదాన్ని నమ్మించడానికి మనిషి దగ్గర మాట తప్ప ఇంకేమీ ఉండదని అతనికి ఆ రోజు తెలిసింది. ఈ మధ్య గుండెలోంచి ఎడమచేతికి దిగుతున్న నొప్పిని కూడా ఆమెకు చెప్పలేదు. దాన్నీ కథ అనుకుంటుందేమోనని.

నాలుగు రోజులుగా సూర్యాపేట దిక్కునుంచి నిజాం మీదికి యూనియన్ మిలిటరీ వస్తున్నదని వార్త. రజాకార్లు రాత్రికి రాత్రి ఊరు విడిచారు. గాలిమోటరు కనిపిస్తే నేలకు బోర్లా పడుకోవాలని ఎవరో చెప్పిపోయారు.

మంచు విడిపోతుండగా ఆ చప్పుడు వచ్చింది.

గట్టు మీది వాళ్లు జొన్నచేన్లలోకి పరుగెత్తారు. బాలనర్సమ్మ గంపను తలమీదికి లాక్కుని గుండుకు ఆనుకుంది. విమానం హయత్‌నగర్ వైపునుంచి నీళ్ల మీదుగా, తన నీడకు చాలా దగ్గరగా, తక్కువ ఎత్తులో వస్తున్నది. సాయన్న పడుకోలేదు. కాళ్లు ఎడంగా పెట్టి, మూతలు పట్టుకున్న చేతులు రెండూ రెక్కల్లా చాచాడు. కుడిపక్కకు వాల్చాడు. సమం చేశాడు. మెల్లగా, ఎంతో ఓపికగా కిందికి దించాడు. చివర ఒక మూతను గొంతు ముందునుంచి అడ్డంగా లాగాడు.

నీళ్లలో వాళ్లకు కనిపించింది చేతులు దిగడమే. "మూయుమంటున్నడు, గుంజుండ్రి," అన్నాడు జానయ్య. భయంలోనే లాగారు.

గంప సందులోంచి బాలనర్సమ్మ చూసింది. అతని సైగలు ఆమెకు మాటలకంటే బాగా తెలుసు. ఈ సైగ చెరువుది కాదు. ఏ బెస్తవాడూ చేపల కోసం గొంతు ముందు అలా గీత గీయడు. ఎవరో చేస్తుంటే చూసి నేర్చుకున్న చేతులవి. విమానం ఒక రెక్కను వాల్చి, గుండును చుట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. సైగ చూసిందో, ఊరికే మళ్లిందో.

వల నిండా బొచ్చెలు. "జహాజన్నా, నీ గాలిమోటరు చేపల్ని బెదిరిచ్చి మా వలలకు తోలింది," అని జానయ్య అరిచాడు. గుండు మీద మూతలు మళ్లీ లేవలేదు.

బాలనర్సమ్మ ముంతలో అంబలి పట్టుకుని పైకెక్కింది. సాయన్న రాతికి వీపు ఆనించి కూర్చున్నాడు. కళ్లు చెరువు వైపు సగం తెరిచి ఉన్నాయి. ఆమె పక్కన కూర్చుంది. రెండేళ్లుగా నోట్లో ఆగిన మాట అడిగింది.

"గా జహాజు మీద, నువ్వు ఏ కొసకు నిలవడి సూసినవ్?"

కింద చేపలు గంపల్లో కొట్టుకుంటున్నాయి. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. నాడి ఆడడం లేదు. ముంత అలాగే ఉంచి, అరవకుండా, కింది మనుషులు వలను ఆరవేయడం అయ్యేదాకా ఆ చేతిని పట్టుకునే కూర్చుంది.

మధ్యాహ్నం అతన్ని మోసుకుపోయారు. గుండు మీద ఆమె అల్లిన తాటాకు మూతలు రెండూ ఆకాశం వైపు తెరుచుకుని, మూరెడు ఎడంగా, ఎవరో ఇప్పుడే దించినట్టు సమంగా ఉన్నాయి.