తొమ్మిదింటికీ ఆరింటికీ మధ్య

మంగళవారం ఉదయం ఐదు నలభైకి పెద్దల్లుడి రెండో చెరువులో చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. ఆ చెరువులో నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు నాలుగు ఉన్నాయి. నాలుగూ ఆగి ఉన్నాయి. ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి వాటిని ఆపింది పెద్దల్లుడే. మర్చిపోయి కాదు, కరెంటు పోయీ కాదు. స్విచ్‌బోర్డు దగ్గరికి నడిచి వెళ్లి, ఒక్కొక్కటే ఆపి, ఇంటికొచ్చి పడుకున్నాడు.

ఎందుకు ఆపాడో చెప్పాలంటే చిన్నల్లుడి గురించి చెప్పాలి. నాలుగేళ్లుగా పెద్దల్లుడి గురించి ఏం చెప్పాలన్నా చిన్నల్లుడి దగ్గరే మొదలుపెట్టాల్సి వస్తోంది.

ఇద్దరూ అక్కాచెల్లెళ్లని చేసుకున్నారు. మామగారికి నాలుగు చేపల చెరువులు, ఒక్కోటీ అర ఎకరం. మోకాళ్లు అరిగి గట్టు మీద నడవలేని రోజు వచ్చాక ఆయన పెద్ద కూతురికి రెండు, చిన్న కూతురికి రెండు పంచేశారు. మధ్యలో ఒక గట్టు. పెద్దల్లుడు అప్పటికే పదకొండేళ్లుగా మామగారి వెనకాల బురదలో తిరిగినవాడు. చిన్నల్లుడు ఫ్రిజ్‌లు బాగుచేసుకునేవాడు. చేపని కంచంలో తప్ప చూసి ఎరగడు.

"వీడికి తోక ఎటో, తల ఎటో ముందు చూపించాలి మామయ్యా" అన్నాడు పెద్దల్లుడు పంపకాల రోజున. మామగారు పడీ పడీ నవ్వారు. పెద్దల్లుడి మాటకి ఆయన అంతలా నవ్వడం అదే ఆఖరుసారి.

మొదటి ఏడాది చిన్నల్లుడు తన రెండు చెరువుల్లో ఒకదాంట్లో చేపలే వదల్లేదు. దాని నిండా నీటి మొక్కలు వేశాడు. చేపల చెరువులోని మురికి నీళ్లు పైపులో ఈ మొక్కల చెరువులోకి వస్తాయి. మురికి అడుక్కి దిగుతుంది, కొంత మొక్కలు లాక్కుంటాయి, తేరిన నీళ్లు మళ్లీ చేపల చెరువులోకే పోతాయి. మిగతా రైతులందరూ మురికిని వదిలేది ఊళ్లోకి పోయే కాలువలోకి. అతను చుక్క కూడా వదలడు.

"బంగారం లాంటి చెరువుని కూరగాయల మడి చేశాడు" అని పెద్దల్లుడు వీధి వీధినా చెప్పుకున్నాడు.

రెండో ఏడాది కాలువ నల్లబడింది. రైతుల సంఘం కూర్చుని, అర ఎకరానికి ఎనిమిది వేలకి మించి చేపపిల్లల్ని వదలకూడదని తీర్మానించింది. ఎన్ని వదిలారో ప్రతి గట్టు మీదా బోర్డు పెట్టాలంది. పెద్దల్లుడు తన రెండు చెరువులకీ 8,000 అని రాసిన బోర్డులు పాతాడు. వదిలింది ఒక్కోదాంట్లో పద్నాలుగు వేలు. ఆ సంగతి అతనికీ, చేపపిల్లల్ని తెచ్చిన వ్యాన్ డ్రైవరుకీ తప్ప మూడో మనిషికి తెలీదు. కట్టుకున్న భార్యకీ తెలీదు.

చిన్నల్లుడి బోర్డు మీద 5,000 అని ఉంది. పెద్దల్లుడు ఒక్క నిమిషం కూడా నమ్మలేదు. బోర్డుల మీద ఏం రాస్తారో అతనికి కొత్త కాదు.

ఈ ఏడాది సంఘం చిన్నల్లుడి చెరువుని ఆదర్శ చెరువు అంది. నలభై మంది రైతులు బస్సులో చూడ్డానికి వచ్చారు. బస్సు ఆగింది పెద్దల్లుడి గట్టు దగ్గర. అతను ఉతికిన చొక్కా వేసుకుని, మేత షెడ్డు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాళ్లలో ఒకాయన నేరుగా అతని దగ్గరికే వచ్చాడు.

"బాబూ, నువ్విక్కడ పనిచేస్తావా?"

"ఈ చెరువులు నావే."

"అలాగా! ఆదర్శ చెరువు ఏ పక్కండీ?"

పెద్దల్లుడు చెయ్యి చూపించాడు. నలభై మందీ అతని గట్టు మీదుగానే నడిచి వెళ్లారు.

ఆ ఆదివారం మామగారింట్లో భోజనాలు. పెద్దల్లుడు ఇంకా చెయ్యి కడుక్కోలేదు.

"పెద్దోడా, నీ ఏరియేటర్ల మోతకి నాకు రాత్రిళ్లు కునుకు లేదు" అన్నారు మామగారు. "చిన్నోడి చెరువు చూడు, చడీచప్పుడూ ఉండదు. చేప చూస్తే అరకిలో తూగుతోంది."

"వాడి చేప అరకిలో, నాది అంతకన్నా తక్కువా? మీరేమైనా తూచారా మామయ్యా?"

"నేను తూచలేదు నాయనా. వల మేస్త్రి చెప్పాడు."

మరదలు వడ్డిస్తూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భార్య తలొంచుకుని తింటోంది.

ఆ రోజు నుంచి పెద్దల్లుడు చూడ్డం మొదలుపెట్టాడు. మేత షెడ్డుకి పడమర వైపు ఒక కిటికీ ఉంది. బస్తాలు జరిపి, దాని రెక్క వేలెడంత తెరిచి పెట్టుకుంటే చిన్నల్లుడి చెరువు మొత్తం కనిపిస్తుంది. అక్కడ రోజుకి రెండు బస్తాల మేత వెళ్తోంది. ఇక్కడ ఆరు. అంతకన్నా పెద్ద సంగతి, రాత్రి తొమ్మిదింటికి చిన్నల్లుడి ఏరియేటర్లు ఆగి ఉంటున్నాయి. ఉదయం ఆరింటికి చూసినా ఆగే ఉంటున్నాయి. పదకొండు రోజులు వరసగా చూశాడు. తొమ్మిదింటికి ఆగి ఉన్నాయి. ఆరింటికి ఆగి ఉన్నాయి.

అడిగితే చిన్నల్లుడు చెప్పేవాడే. బస్సులో వచ్చిన నలభై మందికీ చెప్పాడు. కానీ ఫ్రిజ్‌లు బాగుచేసుకునేవాణ్ణి పట్టుకుని "ఎలా చేస్తున్నావురా?" అని అడగడమంటే పెద్దల్లుడికి ఒంటి మీద తేళ్లు పాకినట్టుంటుంది. వాడికి అక్కర్లేని ఏరియేటర్లు నాకెందుకు అనుకున్నాడు. ముందు రెండో చెరువులో చూద్దామనుకున్నాడు. సోమవారం రాత్రి తొమ్మిదింటికి నాలుగూ ఆపాడు.

పొద్దున మొదట చూసింది భార్య.

"ఏమండీ! లేవండి! చేపలన్నీ పైకొచ్చి గుటకలు మింగుతున్నాయి!"

అతను చెప్పులు లేకుండా పరిగెత్తాడు. నాలుగు స్విచ్చులూ వేశాడు. నీళ్లు ఎగిరాయి. చేపలు ఆ నురగ చుట్టూ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి తప్ప కిందికి దిగలేదు. గట్టు అంచున ఓ పది పక్కకి తిరిగి తేలుతున్నాయి. వెనక్కి చూస్తే భార్య ఫోన్ పెట్టేస్తోంది.

"ఎవరికి చేశావు?"

"చెల్లికి."

"ఎవరు చెయ్యమన్నారు?"

"చేపలు."

ఆరూ పదికి చిన్నల్లుడి మినీ వ్యాన్ వచ్చింది. నడుపుతున్నది మరదలు. వెనక రెండు ఏరియేటర్లు, ఒక పంపు, చుట్టలు చుట్టిన పైపు. చిన్నల్లుడు దిగుతూనే ఆక్సిజన్ మీటరు నీళ్లలో ముంచాడు. పెద్దల్లుడికి మీటరు లేదు. నీళ్ల వాసన బట్టి ఆక్సిజన్ చెప్పగలనంటాడు.

"0.7" అన్నాడు చిన్నల్లుడు. "ఎప్పట్నించి ఆగాయి అన్నయ్యా?"

"కరెంటు పోయింది."

"కరెంటెక్కడ పోయింది?" అంది భార్య. "రాత్రంతా ఫ్యాను తిరుగుతూనే ఉందిగా?"

పెద్దల్లుడు ఆమె వైపు చూశాడు. ఇక లాభం లేదు.

"నేనే ఆపాను. ఏం, నువ్వు ఆపట్లేదా?"

"నేనా? ఎప్పుడు?"

"రాత్రి తొమ్మిదింటికి ఆగే ఉంటాయి. పొద్దున ఆరింటికీ ఆగే ఉంటాయి. నా కళ్లతో చూశాను."

"టైమర్ ఉందన్నయ్యా. రెండింటికి వేస్తుంది, ఐదున్నరకి ఆపేస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది అప్పుడే. మిగతా టైములో నా చేపలకి అవసరం పడదు."

"మమ్మల్ని కిటికీలోంచి చూస్తున్నారా బావా?" అంది మరదలు. "చెప్పుంటే టీ ఇచ్చేదాన్నిగా."

చిన్నల్లుడు ఆమెకి సైగ చేసి ఊరుకోమన్నాడు. రెండు ఏరియేటర్లూ నీళ్లలోకి దించాడు. తెల్లారింది కాబట్టి ఇవి తనకిప్పుడు అక్కర్లేదన్నాడు. తన మొక్కల చెరువులోంచి తేరిన నీళ్లు ఇటు రావడానికి పంపు బిగించాడు.

"లోపల ఎన్ని ఉన్నాయన్నయ్యా?"

"బోర్డు కనపడట్లేదా?"

చిన్నల్లుడు బోర్డు చూశాడు. వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నాడు. "ఎనిమిది వేలంటే పంపు సగం తిప్పితే చాలు. గంటలో ఆక్సిజన్ రెండు దాటాలి. మొత్తం తిప్పితే నా పక్క నీళ్లు తగ్గిపోతాయి."

ఆరున్నరకి మీటరు 0.8 చూపించింది. ఏడింటికి 0.8. పక్కకి తిరిగిన చేపలు ఇప్పుడు వందల్లో ఉన్నాయి. మామగారు కర్ర పట్టుకుని, గట్టు మొదట్లో తెచ్చి వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు.

"మీటరు చెడిపోయిందేమో" అన్నాడు చిన్నల్లుడు. మధ్య గట్టు దాటి తన చెరువులో ముంచి వచ్చాడు. "లేదు, బాగానే ఉంది. నా దాంట్లో 4.2 చూపిస్తోంది."

తన చేపలు చస్తున్న ఆ ఘడియలో కూడా పెద్దల్లుడికి ఆ 4.2 గుండెల్లో గుచ్చుకుంది.

"పంపులో గాలి పట్టిందేమో చూస్తానుండు." చిన్నల్లుడు మోకాళ్ల మీద కూర్చుని పంపు విప్పడం మొదలుపెట్టాడు. బోల్టులు తీసి తువ్వాలు మీద వరసగా పెట్టాడు. లోపల ఏ లోపమూ లేదు. మళ్లీ బిగించాడు. పైపు పొడుగునా చెయ్యి పెట్టి నడిచాడు, ఎక్కడా కారడం లేదు. మీటరు చూశాడు, పంపు చూశాడు, పైపు చూశాడు. బోర్డు వైపు మాత్రం రెండోసారి తల తిప్పలేదు.

పెద్దల్లుడు గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఎడమ పక్క భార్య, కుడి పక్క మరదలు, ఎదురుగా మామగారు. నోరు తెరిస్తే ముగ్గురూ వింటారు. రేపటికి సంఘం వింటుంది. తెరవకపోతే మధ్యాహ్నానికి చెరువులో ఒక్క ప్రాణం మిగలదు. అన్నింటికన్నా, చెప్పాల్సింది ఇతనికి. ఈ బోల్టులు తుడిచేవాడికి.

ఏడూ ఇరవైకి అతను అన్నాడు: "పద్నాలుగు."

"ఏంటి పద్నాలుగు?"

"వేలు."

చిన్నల్లుడు స్పానర్ కింద పెట్టాడు.

"పంపు మొత్తం తిప్పెయ్" అన్నాడు చిన్నల్లుడు తన భార్యతో. "వల మేస్త్రికి ఫోన్ చెయ్. ఐస్ కూడా తెమ్మను. బతికుండగానే సగం తీసేద్దాం." తర్వాత పెద్దల్లుడి వైపు తిరిగాడు. "వల మధ్యలోకి వద్దన్నయ్యా, అడుగు బురద కదిలితే ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది. ఏరియేటర్ల దగ్గర గుంపు కట్టినవే తీయాలి. వల రాగానే నువ్వో మూల పట్టుకో."

అంతే అన్నాడు. ఎందుకనీ, ఎన్నాళ్ల నుంచనీ, ఏమీ అడగలేదు. పెద్దల్లుడు వల మూల పట్టుకుని నడుము లోతు నీళ్లలో దిగాడు. వాడు ఒక్క తిట్టు తిట్టి ఉంటే తిరిగి నాలుగు తిట్టేవాడు. ఆ అవకాశం కూడా వాడు ఇవ్వలేదని పళ్లు నూరుకున్నాడు.

భార్య బుట్టలు అందిస్తోంది. మూడో బుట్ట దగ్గర అంది. "నాక్కూడా ఎనిమిదనే చెప్పారు."

"బుట్ట ఇవ్వు."

"చెల్లి ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ముందు బుట్ట ఇవ్వవే!"

మామగారు కుర్చీలోంచి పిలిచారు. పెద్దల్లుడు తల తిప్పాడు.

"పెద్దోడా, నేనూ ఎక్కువే వదిలేవాణ్ణి."

పెద్దల్లుడు వల మూల వదల్లేదు.

"కానీ బోర్డు పెట్టేవాణ్ణి కాదు."

పదిన్నరకి లెక్క తేలింది. వలలో తీసినవి ఆరు వేల రెండు వందలు. చచ్చినవి పదమూడు వందల నలభై. మీటరు 2.6. చేపలు కిందికి దిగాయి. చిన్నల్లుడి మొక్కల చెరువులో నీళ్లు మూరెడు తగ్గి, అంచున ఉన్న మొక్కల వేళ్లు బయటపడ్డాయి.

అతను పంపు విప్పి వ్యాన్‌లో పెట్టాడు. ఏరియేటర్లు రెండూ చెరువులోనే ఉంచాడు. "ఈ రాత్రికి ఆపకు అన్నయ్యా" అన్నాడు. మరదలు వ్యాన్ తిప్పింది. మొదటి చెరువు పక్కనుంచే వెళ్లారు. అక్కడ ఏరియేటర్లు తిరుగుతున్నాయి, చేపలు కిందే ఉన్నాయి. దాని గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

వ్యాన్ మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా పెద్దల్లుడు చూస్తూ నిలబడ్డాడు. వల మేస్త్రి వల పిండి మడుస్తున్నాడు.

"మడవకు" అన్నాడు పెద్దల్లుడు.

"ఇంకేముంది?"

"మొదటి చెరువులో కూడా వల వెయ్యి."

"దానికేమైందండీ?" అంది భార్య. "అందులోవి బాగానే ఉన్నాయిగా?"

అతను జవాబు చెప్పకుండా వల మూల అందుకున్నాడు.

పదకొండూ పదికి మొదటి చెరువులో వల పడింది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆరు వేల చేపలు బయటికి వచ్చాయి. లోపల ఎనిమిది వేలు మిగిలాయి.