పడవ వస్తుందని

మా గల్లీలో ఆ రోజు మీటింగుకు అందరూ వచ్చారంటే అది వరద భయంతో కాదు. మిర్చి బజ్జీలు పెడతారని ఎవరో పుకారు లేపారు. ఆడవాళ్లంతా బీడీ చాటలు ఒళ్లో పెట్టుకుని కమ్యూనిటీ హాల్లో కూర్చున్నారు. చెవులు మీటింగులో ఉన్నా చేతులు ఆకు చుడుతూనే ఉన్నాయి.

హైదరాబాద్ నుంచి యశస్వి అనే అమ్మాయి వచ్చింది. వాగుల పక్కనుండే బస్తీలు తిరిగి, నీళ్లొస్తే ఏం చేయాలో చెప్పడం ఆమె పని. బాన్సువాడలో మా కార్ఖానా గల్లీ కంటే పల్లపు చోటు ఇంకోటి లేదు కాబట్టి నేరుగా మా దగ్గరికే వచ్చింది. పాపం, మా సంగతి ఆమెకు తెలియదు.

"వాగు పొంగితే మొట్టమొదట ఏం పట్టుకుని బయటపడతారు?" అని అడిగింది.

"ఆధార్ కార్డు" అన్నది ఒకామె.

"బంగారం."

"ఏడుందే నీకు బంగారం?" అని పక్కామె అడిగితే హాలంతా నవ్వింది.

"నేనైతే చాట పట్టుకుంట మేడం. ఆకు తడిస్తే కార్ఖానోడు ఊకుంటడా?"

మూలమీది కిరాణం సేటు లేచి నిలబడ్డాడు. "గీ గల్లీకి నీళ్లు రావు మేడం. నేను పుట్టినకాంచి చూస్తున్న. ఒక్కపారి గూడ రాలే." ఆయన పుట్టినప్పుడు వాగు వాగులా ఉండేది. ఇప్పుడు సగం వాగులో ఇళ్లే ఉన్నాయి, అందులో ఆయనదీ ఒకటి. కుర్రాళ్లేమో ఫోన్‌కు అలర్ట్ వస్తుందన్నారు, అది మోగినప్పుడు చూద్దామన్నారు. ఒక ముసలామె గంగమ్మకు కొబ్బరికాయ కొడితే చాలంది.

గల్లీ చివర మేడ ఇంట్లో ఉండే సుబ్బరత్నమ్మ గారొక్కరే వేరు. వాళ్లది వర్ని దగ్గర కాలువ కింద స్థిరపడ్డ ఆంధ్రా కుటుంబం. "మా అమ్మమ్మ ఉప్పెన చూసిన మనిషండీ. నీళ్లు ఎవరికీ చెప్పి రావు" అంటారామె. నూనె డబ్బాలో తాడు, టార్చిలైటు, అటుకులు పెట్టి మూత బిగించి ఏడాది పొడుగునా అటక మీద ఉంచుతారు. అందుకని ఆమెకు మా గల్లీలో ఉప్పెనమ్మ అని పేరు. ఆ పేరు పెట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను.

అందరి మాటా విని యశస్వి అన్నది: "సామాను తర్వాత. ముందు మనుషులు. అందులోనూ నడవలేని వాళ్లు అందరికంటే ముందు. మీ గల్లీలో అట్లాంటి వాళ్లున్నారా?"

అందరూ నా వైపు చూశారు. మా అత్త అంజవ్వ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. లోపల రాడ్ వేశారు కానీ నడక రాలేదు. నా భుజం మీద బరువంతా వేస్తే మంచం నుంచి బాత్రూం దాకా రాగలదు, అంతే. నా భర్త మధుకర్ లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు నాగ్‌పూర్ రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

నేను నోరు తెరిచేలోపే పక్కింటి జమునాబాయి లేచింది.

"మా అంజక్క ఫికర్ ఎవ్వలు చెయ్యొద్దు మేడం. నా కొడుకు రాజారాంకు ట్రాలీ ఆటో ఉంది. నీళ్లు వచ్చినయంటే అన్నిటికన్న ముందుగాల మా అక్కనే ఎక్కిస్తం. ఆమె ఎక్కినంకనే మేం ఎక్కుతం."

అందరూ చప్పట్లు కొట్టారు. యశస్వి ఫోటో కూడా తీసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు తలుచుకుంటే ఆ నీళ్ల మీద ఒళ్లు మండుతుంది.

నమ్మడానికి నాకు కారణం లేకపోలేదు. మా అత్తా జమునాబాయీ వయసులో ఉన్నప్పటి నుంచి ఒకే గద్దె మీద కూర్చుని బీడీలు చుట్టినవాళ్లు. రాజారాం పుట్టగానే జమునాబాయి పచ్చకామెర్లతో దవాఖానలో పడింది. ఆ పసివాడికి మా అత్తే పాలిచ్చింది, ఒక పక్క మధుకర్, ఇంకో పక్క వాడు. రాజారాం మా అత్తను పెద్దవ్వా అని పిలుస్తాడు. పండక్కి అమ్మకు చీర కొంటే ఈమెకూ కొంటాడు. అలాంటివాళ్లను నమ్మక ఎవరిని నమ్మాలి?

వినాయక చవితి నాడు పొద్దున పోలీసు జీపు మైకులో అరుచుకుంటూ వచ్చింది. రాత్రంతా పడ్డ వాన ఇంకా పడుతూనే ఉంది. పైన చెరువు కట్ట తెగేలా ఉందట, లోతట్టు ఇళ్లవాళ్లు వెంటనే హైస్కూలుకు పోవాలట.

"చెప్పుడు వాళ్ల డ్యూటీ, చెప్తుండ్రు" అని కిరాణం సేటు షట్టర్ సగం ఎత్తి కూర్చున్నాడు. ఫోన్‌కు అలర్ట్ రాలేదని కుర్రాళ్లు మండపం దగ్గర్నుంచి కదల్లేదు. అలర్ట్ వచ్చింది లెండి, మరునాడు. కొందరు పొయ్యి మీద ఉండ్రాళ్లు ఉడికాక పోదామన్నారు. మురుగు మోరీల్లోంచి నీళ్లు వెనక్కి తన్ని గల్లీలోకి రావడం మొదలుపెట్టాక అందరికీ కాళ్లు వచ్చాయి.

నేను జమునాబాయి ఇంటికి పరుగెత్తాను. రాజారాం బండిని వెనక్కి తీస్తున్నాడు.

"వదినా, పెద్దవ్వను తయారు చెయ్యి. బండి గిట్ల మలుపుకొని మీ వాకిట్ల పెడత" అన్నాడు.

జమునాబాయి నా చెయ్యి పట్టుకుంది. "నడుము కదలకుంట ఎత్తాలె బిడ్డా. సుబ్బరత్నమ్మోళ్ల ఇంట్ల పెద్ద చెక్కబల్ల ఉంది, ఉరికి తే. నువ్వు వచ్చేవరకు మేం అక్కను చూసుకుంటం."

నిజమే కదా అనిపించింది. ఇంటికి వచ్చి మా అత్త మందులు సంచిలో వేసి, ఆమెకు దుప్పటి చుట్టాను. ఆమె మంచం గల్లీ వైపు కిటికీ పక్కనే ఉంటుంది, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడుకోవచ్చని. "బల్ల తెస్త అత్తమ్మా, జమునత్తోళ్లు వస్తుండ్రు" అని చెప్పి గల్లీ చివరికి పరుగెత్తాను.

సుబ్బరత్నమ్మ గారు, ఆమె భర్త హరనాథబాబు గారు అప్పటికే మేడెక్కి ఉన్నారు. హరనాథబాబు గారికి గుండె ఆపరేషన్ అయింది, బరువు ఎత్తలేరు.

"మీ అత్తగారిని ఇక్కడికే తీసుకొచ్చెయ్యమ్మా, మేడ మీద ఏ భయమూ లేదు" అన్నారామె.

వాళ్ల మేడకు గుండ్రంగా తిరిగే ఇనుప మెట్లు. మంచి నడుమున్నవాళ్లే జాగ్రత్తగా ఎక్కాలి. "వద్దండీ, మాకు ఆటో ఉంది" అన్నాను. కాస్త గొప్పగానే అన్నాను.

బల్ల మీదున్న సామానంతా దించి దాన్ని బయటికి లాగేసరికి చాలాసేపు పట్టింది. దాన్ని నెత్తిన పెట్టుకుని పిక్కల్లోతు నీళ్లలో తిరిగి వస్తుంటే ఆటో ఎదురైంది. ట్రాలీలో ఫ్రిజ్ నిలబెట్టి తాళ్లతో కట్టి ఉంది. దాని పక్కన వాషింగ్ మెషిన్, బీరువా, టీవీ, పైన పరుపులు. ముందు సీట్లో రాజారాం పక్కన జమునాబాయి, ఒళ్లో బీడీ చాట. నేను బల్ల కింద పడేసి చేతులు ఊపాను. "రాజారాం! ఆగు!" అని అరిచాను. బండి గోడవైపు జరిగి నన్ను దాటుకుని పోయింది. చక్రాలు లేపిన నీళ్లు నా ముఖాన కొట్టాయి.

సామాను దించి వస్తారులే అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

వాళ్లు రాలేదు. నీళ్లు మాత్రం వచ్చాయి. గడప దాటి, మంచం కోళ్లు ముంచి, నులక తడిపాయి. పక్కిళ్లలో పిలిస్తే పలికేవాళ్లు లేరు. మంచం మీద సందుగ, బియ్యం డబ్బా పెట్టి, వాటి మీద ఆ చెక్కబల్ల వేసి, మా అత్త చంకల కింద చేతులు వేసి పైకి లాగాను. ఆమె పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బల్ల జరగకుండా నడుములోతు నీళ్లలో నిలబడి పట్టుకున్నాను. మధుకర్ ఫోన్ కలవలేదు. రాజారాం ఫోన్ మోగింది, మోగి ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్.

"వస్తరు అత్తమ్మా, వస్తరు" అంటూనే ఉన్నాను.

మా అత్త పైకప్పు రేకుల వైపు చూస్తూ, "నేను గూడ ఒక సామాన్ అయితే బాగుండు పిల్లా. తాళ్లు కట్టి ఎక్కించుకుందురు" అంది. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

సాయంత్రానికి పడవ వచ్చింది. సుబ్బరత్నమ్మ గారూ హరనాథబాబు గారూ మేడ మీద నుంచి ఎర్రచీర ఊపి, మా ఇంటి వైపు చూపించి అరిచారట. రక్షణ దళం వాళ్లు మా అత్తను బల్లతో సహా పడవలోకి ఎక్కించి, సర్కారు దవాఖానకు చేర్చారు. అప్పటికే ఒళ్లంతా చల్లబడి, పెదాలు నల్లబడ్డాయి. ఛాతీకి నిమ్ము చేసిందన్నారు. తుంటి దగ్గర రాడ్ కదిలిందన్నారు. ఇక మంచం దిగడం ఉండదన్నారు.

బతికింది కదా! ఆ ఒక్క మాటే నా కొంప ముంచింది.

గల్లీలో నీళ్లు తీసి, బురద కడుక్కున్నాక అందరి నోటా ఒకటే పాట. "పడవ వచ్చింది కద, ఇగ లొల్లి ఎందుకు?" కిరాణం సేటు దుకాణంలో సామానంతా బురదపాలైంది. ఆయన తల పట్టుకుని, "జమున తెలివైంది. మనుషుల కోసం సర్కారు పడవ తోలుతది. ఫ్రిజ్ కోసం తోల్తదా?" అన్నాడు. మిగతావాళ్లు అవునవునన్నారు. వచ్చేసారి ముందు సామాను తరలించాలని, మనుషుల సంగతి పడవ చూసుకుంటుందని అక్కడే తీర్మానం కూడా అయిపోయింది. యశస్వి చెప్పిన పాఠంలో మా వాళ్లకు మిగిలింది అది.

మధుకర్ ఫోన్‌లో దొరికాడు. అంతా చెప్పాను. "వాళ్లు తిరిగొద్దామనుకునే ఉంటరు నవతా. తొవ్వల మోరీ మీదికెళ్లి నీళ్లు పోతున్నయని పోలీసోళ్లు ఆపిండ్రట. రాజారాం నాకు ఫోన్ చేసి ఏడ్చిండు. అవ్వ బాగనే ఉంది కద, పంచాయితీ పెట్టకు" అన్నాడు. నా కంటే ముందు రాజారాం చెప్పుకున్నాడన్నమాట. తల్లి ఒంటి మీద బురద ఆరకముందే కొడుక్కి పాలు పంచుకున్నవాడి ఏడుపు వినిపించింది. ఫోన్ పెట్టేశాను.

ఇంతమంది ఒకే మాట అంటుంటే మనిషికి తన మీదే అనుమానం వస్తుంది. నాకూ వచ్చింది. జమునాబాయి నిజంగానే పడవను నమ్ముకుందేమో. బుద్ధి తక్కువై తప్పు లెక్క వేసింది కానీ ద్రోహం చేయలేదేమో. ఒకసారి అలా అనుకుంటే కడుపులో మంట కొంచెం చల్లారేది. దవాఖానలో మా అత్త పక్కన కూర్చుని అదే మాట ఆమెతో అన్నాను. ఆమె గోడవైపు ముఖం పెట్టుకుని పడుకుంది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం జమునాబాయి దవాఖానకు వచ్చింది. టిఫిన్ డబ్బాలో జొన్నరొట్టెలు, మెత్తగా ఉడికించిన పప్పు తెచ్చింది. వస్తూనే మంచం పట్టె మీద కూర్చుని, మా అత్త చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని ఏడ్చింది.

"నా మీద కోపం చెయ్యకు అక్కా. నీ మీద పాణం లేకనా? ఫ్రిజ్ ఇంక కిస్తీలల్ల ఉంది. అది మునిగితె మాకు ఎవ్వలిస్తరు? మనిషి కోసమైతె పడవ వస్తదని నాకు ధైర్యం. వస్తదని తెల్సు గనుకనే పోయిన అక్కా. లేకుంటె నిన్ను ఇడిసి పోదునా?"

చుట్టుపక్కల మంచాల వాళ్లు కూడా పాపం అన్నట్టు చూస్తున్నారు. నేను తలవంచుకుని ఉన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ ఏడుపు చూసి నా మనసు మెత్తబడింది.

మా అత్త మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఊపిరి అందక ఆగి ఆగి మాట్లాడింది.

"జమునా, మీరు ఫ్రిజ్ ఎక్కిస్తుంటె నేను కిటికీలకెళ్లి చూస్తనే ఉన్న. నవత గల్లీ చివరకు పోయింది. నేను నిన్ను పిలిచిన. పేరు పెట్టి పిలిచిన. నువ్వు ఎన్కకు మలిగి నా దిక్కు చూసినవ్."

జమునాబాయి ఏడుపు ఆగింది.

"చూసి, కొంగు ముఖం మీదికి గుంజుకొని, కొడుకును జల్ది జల్ది అన్నవ్. పడవ వస్తదనే నీకు అంత ధైర్యముంటె, 'అక్కా, పడవ వస్తది, భయపడకు' అని నాకు ఒక్క మాట చెప్పకపోతివా? ముఖం ఎందుకు దాసుకున్నవే?"

జమునాబాయి నా వైపు చూసింది, తర్వాత టిఫిన్ డబ్బా వైపు చూసింది. మా అత్త మాత్రం జవాబు కావాలన్నట్టు, ఆమె ముఖం మీంచి చూపు తిప్పకుండా అలాగే పడుకుని ఉంది.