కొండ అవతలి వాన

ఆ ఆదివారం చర్చిలో అందరూ వాన కోసం మోకరించి, ఇళ్లకు పోయి భోజనాలు చేశారు. ఎల్‌స్పెత్ గిన్నెలు సర్దుతుండగా ఫోను మోగింది. అవతల నోరా, అల్లుడు డెక్లన్ తల్లి. ఆమెది కొండలకు పడమట, సముద్రం ఒడ్డున ఊరు.

“ఏం వదినా, మీకూ ఇలాగే ఉందా? నిన్న పొద్దున పట్టుకుంది, ఇంకా తెరిపి లేదు. మా కోళ్లగూడు తేలుతోంది. వాన ఆపమని ఇవాళ మా ఫాదరు గంటసేపు మొక్కించాడు.”

“మేమేమో పడాలని మొక్కి వచ్చాం. పైవాడు ఎవరి మాట వినాలి పాపం,” అంటూ నవ్వబోయిన ఎల్‌స్పెత్ సగంలో ఆగింది. “నిన్న పొద్దుటి నుంచే అన్నావా వదినా?”

కిటికీ బయట కళ్లు చెదిరే ఎండ. వాయవ్యపు గాలి పొయ్యి సెగలా కొడుతోంది. పడమట కొండల మీద మాత్రం తెల్లటి మబ్బు వంపు తిరిగి నిలబడింది. అటు వాన ఎంత గట్టిగా కొడితే ఇటు గాలి అంత పొడిగా వీస్తుంది. ఆ వాన కొండ శిఖరాల దాకా కురుస్తుంది; అక్కడి నీళ్లు ఇటువైపు ఏట్లోకి దిగడానికి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. తూర్పున పుట్టిన పసివాడికైనా తెలిసిన సంగతి ఇది. డెక్లన్‌కు తెలియదు. వాళ్ల ఊళ్లో ఏరు పొంగితే నెత్తిమీద వాన ఉంటుంది.

ఆ మబ్బును ఆమె భోజనాల వేళే చూసింది. “ఆదివారం కదా అత్తయ్యా, పని చెయ్యను. ఊరికే లంకలో గొర్రెల్ని చూసి, కాసేపు పడుకొస్తా,” అని అతడు లేచినప్పుడు హెచ్చరిక నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ముందురోజే కూతురు మొరాగ్ కోప్పడింది: “ప్రతిదానికీ ఆయన్ని సతాయించకమ్మా. పడమటివాళ్లకి కాళ్ల వేళ్ల మధ్య నాచు మొలుస్తుందని ఎన్నిసార్లంటావు?” అందుకే నోరు మూసుకుంది. ఇప్పుడు ఏడో నెల కడుపుతో ఆ కూతురు లోపలి గదిలో నిద్రపోతోంది. ఎల్‌స్పెత్ ఆమెను లేపలేదు. జీపు తీసింది.

ఏరు అరమైలు వెడల్పు. పది పాయలుగా చీలి, మధ్య మధ్య రాళ్ల లంకలు. ఒడ్డు దగ్గరి లంకలో గడ్డి మీద టోపీ ముఖాన కప్పుకుని డెక్లన్ పడుకుని ఉన్నాడు. బూట్లు విప్పి నీటి అంచున పెట్టాడు. పక్కన గుర్రం, మిర్క్ అనే ముసలి కుక్క, పిల్లలతో అరవై గొర్రెలు. ఒడ్డుకూ లంకకూ నడిమి పాయ మోకాలి లోతే ఉంది. కానీ పాలనీలంగా ఉండాల్సిన నీళ్లు బూడిదరంగుకు తిరిగాయి. ఒక ఎండుకొమ్మ కొట్టుకుపోయింది. దాని వెనకే ఇంకొకటి.

“డెక్లన్” అని పిలిచింది. గాలి ఆ పిలుపును పక్కకు లాక్కుపోయింది. అతడు కదలలేదు.

ఆమె ఒడ్డు వెంట ఎగువకు పరుగెత్తింది. అక్కడి నుంచి గాలి తిన్నగా లంక మీదికి పోతుంది. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసింది. పోయిన భర్త మిర్క్‌కు నేర్పిన ఈల అది: వెనక్కి తిరిగి మందను తోలుకురా. విశ్రాంతి దినమైన ఆదివారం నాడు కుక్కకు పని చెప్పడం ఆమె పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. గోతిలో పడ్డ గొర్రెను ఏ రోజైనా పైకి తియ్యొచ్చని ప్రభువే ఒప్పుకున్నాడు. అల్లుడి సంగతి వేరే చెప్పాలా అనుకుంది.

మిర్క్ చెవులు నిక్కపొడిచింది. చుట్టు తిరిగి మంద వెనక్కి పోయి నీళ్లవైపు నెట్టసాగింది. డెక్లన్ ఉలిక్కిపడి లేచాడు. “ఏయ్, పిచ్చి పట్టిందా నీకు, పడుకో,” అని అరుస్తున్నట్టు చేతులు ఊపాడు. కుక్క వినలేదు. ఈల మళ్లీ వచ్చింది. అప్పుడతను ఒడ్డు మీద అత్తను చూశాడు. ఆమె చెయ్యి చాచి నీటిని చూపిస్తోంది. అతను బూట్ల కోసం తిరిగాడు. బూట్లు లేవు. అవి పెట్టిన చోటా లేదు.

ఇక అతడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. గుర్రమెక్కి ముందున్న గొర్రెను జబ్బ పట్టి నీళ్లలోకి లాగాడు. ఒకటి దిగితే మిగతావి దిగాయి. నీళ్లు గుర్రం పొట్టను తాకాయి. అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు ఎల్‌స్పెత్‌కు ఒడ్డుదాకా వినిపించింది. ఆమె నడుం లోతు దిగి, చేతికి అందిన పిల్లనల్లా మెడ పట్టి పైకి విసిరింది.

అవతల లంకలో తొమ్మిది గొర్రెలు మిగిలాయి. ఒడ్డెక్కిన డెక్లన్ గుర్రాన్ని వెనక్కి తిప్పబోయాడు.

ఆమె కళ్లెం పట్టుకుంది. “వద్దు.”

“ఒక్కసారి అత్తయ్యా. ఇంకా అంత లోతు రాలేదు.”

“నా మాట విను నాయనా. భోజనాలప్పుడు చెప్పాల్సింది చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా.”

వాదిస్తుండగానే వేళ్లతో సహా ఒక చెట్టు నడిమి పాయలో దొర్లుకుంటూ పోయింది. అతను గుర్రం దిగాడు. చూస్తుండగానే లంక సన్నబడింది. తొమ్మిది గొర్రెలు నడుమనున్న చిన్న మిట్ట మీద ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. ఆ మిట్ట నిలుస్తుందో లేదో తెలియదు. ఎల్‌స్పెత్ వాటికోసం కళ్లు మూసుకుంది. వాన కావాలని తామే అడిగారు, కాదనడానికి లేదు. కానీ అక్కడ కోళ్లగూళ్లు తేల్చి, ఇక్కడ చుక్కైనా రాల్చకుండా ఏరు మాత్రం పంపడంలో ఆయన లెక్కేమిటో ఆమెకు అందలేదు.

డెక్లన్ ఆకాశంలోకి చూశాడు. ఎండకు చొక్కా అప్పుడే ఆరుతోంది. “ఒక్క చినుకైనా పడలేదే,” అన్నాడు నెమ్మదిగా.

“మీ అమ్మ ఇంటి మీద పడింది. ఆవిడ ఫోను చెయ్యకపోతే నేనూ వచ్చేదాన్ని కాదు.”

ఇంటికి చేరాక అతను ముందు ఫోను దగ్గరికే పోయాడు. నోరా గొంతు బయటికే వినిపిస్తోంది: “ఏరా, మీ దగ్గర వానుందా లేదా? మీ అత్తగారు మాట మధ్యలోనే పెట్టేసింది.”

వరండాలో మొరాగ్ భర్త బూట్లు లేని పాదాలకేసి చూస్తోంది.

“లేదమ్మా, ఇక్కడ మండే ఎండ,” అన్నాడు డెక్లన్. “నాన్న ఇచ్చిన బూట్లు మాత్రం ఏట్లో పోయాయి.”