పోయింది, పోయింది!

"గాలి పోవాలి. అది పోయేదాకా నీళ్ల చుక్క కూడా ఇవ్వకూడదు" అన్నాడు ఆపరేషన్ చేసిన డాక్టర్. అప్పటినుంచీ మా ఇంటిల్లిపాదికీ వేరే ధ్యాస లేదు. లోకంలో ఎక్కడ ఏ గాలి వీచినా మాకు అక్కర్లేదు. మాకు కావలసిన గాలి ఒక్కటే, అది మా అమ్మమ్మ కడుపులో ఉంది.

అమ్మమ్మకి పేగు మెలిపడింది. కోసి, మెలి విప్పి, కుట్టేశారు. కట్టు మార్చేటప్పుడు కుట్లు చూసుకుని "పర్లేదు, వరస బాగానే వచ్చింది" అని మెచ్చుకుంది కూడా. మాది పరదాలూ గలేబులూ కుట్టే దుకాణం. ఆవిడ తొక్కిన మిషన్ ఇప్పుడు నేను తొక్కుతున్నాను. ఆవిడ నోటిదురుసు కూడా నాకే వచ్చిందని మా అమ్మ అంటుంది. వస్తే వచ్చింది, ఆ రోజు పని జరిగింది దానివల్లే.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు పొద్దున డాక్టర్ వచ్చి, స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నాడు. పొట్ట ఉబ్బి, బిగుసుకుని ఉంది. నన్నూ మామయ్యనీ గుమ్మం బయటికి పిలిచాడు. "ఇంకా లోపల చప్పుడు లేదు. సాయంత్రందాకా చూద్దాం. అప్పటికీ కదలిక రాకపోతే స్కాన్ తీయాలి, అవసరమైతే మళ్లీ తెరవాలి. ఈ వయసులో రెండోసారంటే..." అని ఆగిపోయాడు. మామయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎంతైనా కన్నతల్లి కదా. నాకు మాత్రం భయానికి కోపం వచ్చింది.

"అసలెందుకు కదలదండీ? మెలి విప్పేశారుగా?" అని గయ్యిమన్నాను.

డాక్టర్ కుర్రాడే గానీ ఓపికున్నవాడు. "పేగుల్ని చేత్తో పట్టుకుంటే వాటికి పడదమ్మా. అలిగి కూర్చుంటాయి. ఆ అలక దానంతటదే తీరాలి" అన్నాడు.

"తీరితే ఏం చేస్తాయి నాయనా?" అని లోపల్నుంచి వినిపించింది. అమ్మమ్మకి కడుపు పనిచేయకపోయినా చెవులు భేషుగ్గా పనిచేస్తున్నాయి.

డాక్టర్ నవ్వుకుంటూ వెళ్లి మంచం పక్కన కూర్చున్నాడు. తిన్న ముద్దకి వెనకవైపు పేగు బిగుస్తుందట, ముందువైపు వదులవుతుందట. అలా బిగిస్తూ వదులుతూ ముద్దని ముందుకి తోస్తుందట. మనం తలకిందులుగా నిలబడి మింగినా ముద్ద దారి తప్పదట.

"బొందు ఎక్కించినట్టు" అంది అమ్మమ్మ.

డాక్టర్ తెల్లమొహం వేశాడు.

"పైజమాకి బొందు ఎక్కించడం చూళ్లేదూ? పిన్నీసు గుచ్చి లోపలికి దోపుతాం. వెనక కుచ్చిపట్టి, ముందు సాగదీస్తాం. బొందు నడుచుకుంటూ వచ్చేస్తుంది."

"దాదాపు అంతేనమ్మా!" అన్నాడు డాక్టర్. ఆయనకీ హుషారు పుట్టింది. చిన్నపేగు సారం పీల్చుకుంటుందనీ, పెద్దపేగు నీళ్లు లాగేసుకుంటుందనీ, సరుకు అక్కడ ఎక్కువసేపు నిలిస్తే గట్టిపడేది అందుకేననీ చెప్పాడు. పొట్టలో ఏదైనా పడగానే "కొత్త సరుకొస్తోంది, చోటు చెయ్యండి" అని కిందికి కబురు వెళ్తుందట. పొద్దున్నే టీ తాగగానే మా మామయ్య పరుగెత్తేది ఎందుకో ఆ రోజు తెలిసింది. "చివర్న రెండు తలుపులుంటాయి. లోపలిది దాని ఇష్టం, బయటిది మన ఇష్టం" అని లేచాడు డాక్టర్. "నడిపించండి. చూయింగ్ గమ్ నమలమనండి. తిండి వస్తోందనుకుని పేగులు మోసపోతాయి."

చిన్నప్పుడు నేను చూయింగ్ గమ్ నమిలితే చెవి మెలిపెట్టిన మనిషి, మంచం మీద కూర్చుని కసకసా నమిలింది. పళ్లన్నీ సొంతవే. "బాగా నమలవే అమ్మా, ఇటుపక్క కూడా నమలు" అని మామయ్య మంచం చుట్టూ ప్రదక్షిణాలు. దుకాణంలో ఉన్న మా అమ్మ ఫోన్ మీద ఫోన్. "పోయిందా?" "లేదు." "పోయిందా?" "పోతే నేను చెప్పనా? పెట్టెయ్!"

నేనో రెక్క, మామయ్యో రెక్క పట్టుకుని వరండాలో నడిపించాం. వెనక్కి తెచ్చి పడుకోబెట్టి, పొట్ట పక్కన చెవి ఆనించాను. ఏమీ లేదు. మళ్లీ నడిపించాం, మళ్లీ ఆనించాను. ఏమీ లేదు. కిటికీలో ఎండ వాలిపోతోంది. సాయంత్రందాకా అన్న డాక్టర్ మాట గుర్తొచ్చి మళ్లీ లేపి నడిపించాం. మూడోసారి ఆనించినప్పుడు, ఎక్కడో లోలోపల, గుర్ర్...

"వినపడింది!" అని కెవ్వుమన్నాను.

మామయ్య రెండోవైపు చెవి పెట్టాడు. గుర్ర్, గుడగుడ, గుడగుడగుడ! బట్టతల మనిషి, కూతురి పెళ్లి చేసినవాడు, గదిలో ఎగిరి గంతేశాడు. వస్తోంది, వచ్చేస్తోంది!

రాలేదు. అమ్మమ్మ నమలడం ఆపేసింది. పెదాలు బిగించింది. దుప్పటి పిడికిట్లో పట్టి నలిపేస్తోంది.

"నొప్పా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది.

"వస్తోందా?" మామయ్యవైపు ఓసారి చూసి, కళ్లు దించుకుంది.

అప్పుడు తట్టింది నాకు. బయటి తలుపు మన ఇష్టం అన్నాడు కదా డాక్టర్! నలుగురిలో ఆవలింతకి కూడా చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి, కొడుకు ఎదురుగా ఉన్నాడని ఆ తలుపుకి గడియ వేసేసింది. పేగులు అలక మానాయి. ఈవిడ సిగ్గు మానలేదు.

"మామయ్యా, బయటికి నడు."

"నేనేం చేశానే?"

"ఇక్కడుండటమే చేశావ్. నడు!" రెక్క పట్టుకుని వరండాలోకి గెంటి, చివరిదాకా పొమ్మన్నాను. గొణుక్కుంటూ వెళ్లాడు. లోపలికొచ్చి "ఇప్పుడు కానీ అమ్మమ్మా" అన్నాను.

"నువ్వూ పో" అంది పళ్ల మధ్యనుంచి.

తలుపు మూసి, బయటినుంచి చెవి ఆనించి నిలబడ్డాను. ముందు సన్నగా, కుర్చీ జరిపిన చప్పుడులా వినిపించింది. ఆ తర్వాత దీర్ఘంగా, ధాటిగా, ఏ మొహమాటమూ లేకుండా! జన్మలో ఇంత తియ్యటి శబ్దం విని ఎరగను. నా కళ్లవెంట నీళ్లు బొటబొటా కారిపోయాయి. చేతిలో ఫోన్ మోగింది. అమ్మ.

"పోయింది అమ్మా! పోయింది!" అని వెక్కుతూ అరిచాను.

అవతల ఒక్కసారిగా గుండెలవిసేలా ఏడుపు. పొద్దుట్నుంచీ "పోయిందా" అని అడిగిన మనిషే, నా ఏడుపు విని ఆ మాటని ఇంకోలా అర్థం చేసుకుంది. "అయ్యో, అది కాదమ్మా" అంటూండగానే వరండా చివర మామయ్య పొలికేక పెట్టాడు. "కడసారి చూపు కూడా లేకుండా నన్ను గెంటేశావు కదే!" అంటూ పరుగెత్తుకొచ్చి, నన్ను తోసుకుని లోపలికి వెళ్లి, తల్లి కాళ్లమీద పడి భోరుమన్నాడు.

హాయిగా కళ్లు మూసుకున్న అమ్మమ్మ ఉలిక్కిపడింది. "ఏంట్రా? ఎందుకేడుస్తున్నావ్?"

మామయ్య తలెత్తాడు. "నువ్వు... పోయావని..."

అమ్మమ్మ నావైపు చూసింది, నా చేతిలో ఫోన్‌వైపు చూసింది. దుప్పటి మొహమ్మీదికి లాక్కుంటుందనుకున్నాను. కొడుకు వెక్కిళ్లు ఆగడం లేదు. ఆవిడ అతని తల మీద చెయ్యి వేసి, వార్డంతా వినపడేలా అంది:

"పోయింది నేను కాదురా, గాలి!"

పక్క గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఫోన్‌లో మా అమ్మ ఏడుస్తూనే నవ్వేసింది. అమ్మమ్మకీ నవ్వొచ్చింది. కుట్లు లాగకుండా దిండు పొట్టకి అదుముకుని నవ్వుతుంటే, కొడుకు ఎదురుగానే ఇంకోటి పోయింది. నవ్వు ఠక్కున ఆగింది. సిగ్గుతో ఆవిడ మొహం ఎర్రబడిపోయింది.

"చిన్నప్పుడు నాకు కడుపునొప్పొస్తే కాళ్లు మడిచి పొట్టకి నొక్కి, పోయేదాకా ఒళ్లో పెట్టుకునేదానివిటగా" అన్నాడు మామయ్య, కళ్లు తుడుచుకుంటూ. "పోగానే ముద్దు పెట్టుకునేదానివిట. నా దగ్గర నీకు సిగ్గేంటే అమ్మా?" వంగి ఆవిడ నుదుటిమీద ముద్దు పెట్టాడు. "ఇంకోటి కానీ."

గోల విని డాక్టర్ వచ్చాడు. పొట్ట నొక్కి చూశాడు, స్టెతస్కోపు పెట్టి విన్నాడు, నవ్వాడు. "ఎన్నిసార్లు పోయిందమ్మా?"

"నేను లెక్కపెట్టలేదు నాయనా, మావాణ్ణడుగు" అంది అమ్మమ్మ తలెత్తి.

మళ్లీ తెరవక్కర్లేదన్నాడు డాక్టర్. చెంచాతో కాసిని నీళ్లు పట్టమన్నాడు. మామయ్య చెంచా పట్టుకున్నాడు. తొందరలో సగం ఒలకబోశాడు. మిగతా సగం అమ్మమ్మ మింగింది.