ఒకే తీగకు ఇద్దరు తోడల్లుళ్ళు

పద్నాలుగు నెలలుగా ఒకరి మొహం ఒకరు చూసుకోని తోడల్లుళ్ళిద్దరినీ ఆ ఆదివారం పొద్దున రెండు గజాల నల్ల తీగ ఒకటి కలిపింది. తీగకు ఒక కొసన పెద్దాయన చేతిలోని రిమోట్ పెట్టె, అదే ట్రాన్స్‌మిటర్, రెండో కొసన చిన్నాయన చేతిలోది. వాళ్ళకు పదడుగుల ముందు, గడ్డి కోసేసిన మైదానంలో, మూరెడు పొడవున్న హెలికాప్టర్ తోక ఇటు పెట్టి కూర్చుని ఉంది. కొత్తవాళ్ళు పక్కకు పడేయకుండా దాని కాళ్ళకింద రెండు సన్నటి కడ్డీలు ఇంటూ గుర్తులా కట్టి, నాలుగు కొసలకూ ప్లాస్టిక్ బంతులు తగిలించారు.

పెద్దాయన పైపుల యార్డులో ఇరవై రెండేళ్ళు క్రేన్ నడిపాడు. ఇప్పుడు అదే యార్డు స్టోరులో బోల్టులు, చేతి తొడుగులు ఇస్తున్నాడు. అయినా అందరూ ఆయన్ని ఇంకా ఆపరేటర్ అనే పిలుస్తారు. చిన్నాయన ఆ యార్డుకే సేఫ్టీ ఇన్‌స్పెక్టర్. ఆపరేటర్‌ని క్రేన్ మీంచి దించింది ఆయన రాసిన రిపోర్టే.

"ఎడమ స్టిక్ పైకి తోస్తే లేస్తుంది, కిందికి లాగితే దిగుతుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఆయన వైపు చూడకుండా. "అదే స్టిక్ పక్కలకి జరిపితే ముక్కు అటు తిరుగుతుంది. కుడి స్టిక్ ఎటు వంచితే మిషను అటు వాలి, అటే పోతుంది. అర్థమైందా, అన్నగారూ?"

ఆ 'గారు' గొంతులో అడ్డంపడ్డ చేపముల్లులా ఉంది ఆపరేటర్‌కి.

"నా పెట్టెమీద ఈ స్విచ్ నొక్కి ఉన్నంతసేపే మిషను మీ మాట వింటుంది. నేను వేలు తీశానా, నాది."

"అంటే ఇక్కడ కూడా నీ వేలికిందే బతకాలన్నమాట."

"ఇష్టం లేకపోతే తీగ పీకేయండి. నేనేం పిలవలేదు."

ఆపరేటర్ పీకలేదు. ఎడమ స్టిక్ మెల్లగా తోశాడు. రెక్కల చప్పుడు పెరిగింది. హెలికాప్టర్ నేలమీద ఒకసారి వణికి, జానెడు లేచి, ఎవరో పిలిచినట్టు కుడివైపు జారిపోయింది. నేలకు దగ్గరవుతోందని తోచగానే ఆయన ఎడమచేయి స్టిక్‌ని తనవైపు లాగింది. మిషను దబ్బున పడింది. ఒక బంతి పగిలింది.

"లాగారేంటి?"

"పైకి లేపుదామని."

"లేపడానికి తొయ్యాలని ఇప్పుడేగా చెప్పాను."

"మా లివర్ లాగితేనే లేస్తుంది."

"మీ లివర్ సంగతి నాకు బాగా తెలుసు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, పగిలిన బంతిని ఊడదీస్తూ.

పాఠం అయ్యాక ఇన్‌స్పెక్టర్ జేబులోంచి పెన్ను తీసి హెలికాప్టర్ల క్లబ్బు పుస్తకంలో ఏదో రాసి, సంతకం పెట్టి, మూసేశాడు. ఏ సంగతైనా కాగితం మీద పడితే తప్ప జరిగినట్టు నమ్మని మనిషి.

పద్నాలుగు నెలల కింద, ఒక మధ్యాహ్నం మూడింటికి, ఆపరేటర్ క్రేన్ నుంచి పైపుల కట్ట ఒకటి జారి లారీ కేబిన్ మీద పడింది. డ్రైవరు అప్పుడే దిగి గేటు దగ్గర చీటీ మీద సంతకం చేస్తున్నాడు కాబట్టి బతికిపోయాడు. కేబిన్ అప్పడంలా అణిగిపోయింది. కట్ట జారడం మొదలవగానే లివర్ వదిలేశాననీ, వదిలితే లివర్ మధ్యకొచ్చి బ్రేకు పట్టాలనీ, బ్రేకు పట్టలేదనీ ఆపరేటర్ చెప్పాడు. మర్నాడు ఇన్‌స్పెక్టర్ బ్రేకు పరీక్షించాడు. అది రాయిలా పట్టింది. 'ప్రమాద సమయంలో ఆపరేటర్ కంగారుపడి లివర్ వదలకుండా పట్టుకుని ఉన్నట్టు తేలింది' అని రాశాడు. ఆ వాక్యం ఆపరేటర్‌కి కంఠతా వచ్చు.

స్టోరులో కూర్చున్నప్పటి నుంచి ఆయన చేతులకు పని లేదు. అన్నం తింటూ ఎడమచేత్తో నీళ్ళ గ్లాసుని అంగుళం అంగుళం జరుపుతూ ఉండేవాడు. ఒకరోజు యార్డు వెనక మైదానంలో ఎవరో చిన్న హెలికాప్టర్ ఎగరేస్తుంటే గోడ దగ్గర నిలబడి గంటసేపు చూశాడు. మర్నాటికల్లా ఎక్కడో పాతది ఒకటి సంపాదించి తెచ్చాడు. ఇంటి ముందు వీధిలో దాన్ని లేపబోతే అది దొర్లుకుంటూ పోయి పక్కింటివాళ్ళ స్కూటరు కిందికి దూరింది. క్లబ్బుకి వెళ్ళి అడిగితే, కొత్తవాళ్ళు తీగ తగిలించుకునే నేర్చుకోవాలన్నారు. నేర్పేవాడు ఒక్కడే. పేరు వినగానే ఆపరేటర్ వెనక్కి తిరిగి వచ్చేశాడు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఫోనులో పావుగంటలో తేల్చేశారు. "మా చెల్లి వాళ్ళాయన్ని ఒప్పించింది. మీరు వెళ్ళండి, కొట్టుకోకండి. అంతే," అంది ఆపరేటర్ భార్య. రెండో వారానికే ఆయన మానేస్తాడన్న ధీమాతో ఇన్‌స్పెక్టర్ ఒప్పుకున్నాడు. మానేస్తే వాడు నవ్వుతాడని ఆపరేటర్ మానలేదు.

ఇంట్లో ఆయన ఉత్త ట్రాన్స్‌మిటర్ పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేవాడు. తోస్తే పైకి, లాగితే కిందికి. వందసార్లు, రెండువందల సార్లు. "గోడ ఇంకా లేవలేదా?" అని భార్య ఆటపట్టించేది. మూడో వారానికి ఎడమచేయి దారికొచ్చింది. హెలికాప్టర్ మోకాలెత్తున నిలబడి పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఉండేది.

ఎంతకీ పోని అలవాటు ఇంకోటి ఉంది. మిషను వాలిపోతోందని గుండె ఝల్లుమనగానే ఆయన రెండు బొటనవేళ్ళూ స్టిక్కుల మీంచి పైకి లేచిపోయేవి. క్రేన్ మీద ఇరవై రెండేళ్ళు ఆయనను కాపాడిన కదలిక అది. వదిలితే ఆగుతుంది. హెలికాప్టర్ ఆగదు. ఎడమ స్టిక్ ఉన్నచోటే ఉండిపోతుంది, మిషను వాలినవైపు జారుతూనే పోతుంది. ప్రతిసారీ ఆఖరి క్షణంలో ఇన్‌స్పెక్టర్ స్విచ్ వదిలి, మిషను తన చేతిలోకి తీసుకుని, సుతారంగా దింపేవాడు. ఆ సుతారం ఆపరేటర్‌కి తిట్టులా తగిలేది.

"ఎందుకు వదిలేస్తారు మీరు? ఇది గాల్లో ఉన్న వస్తువు. వదిలేస్తే దాన్ని ఎవరు పట్టుకుంటారు, మీ తాతా?"

"తాత జోలికి పోకు."

"స్టిక్కులకి జిగురు రాసిస్తాను వచ్చే వారం. అప్పుడైనా అంటుకుని ఉంటాయేమో వేళ్ళు."

క్లబ్బులో మిగతావాళ్ళు అవతల బల్లల దగ్గర రెక్కలు బిగించుకుంటూ వినీ విననట్టు ఉండేవాళ్ళు.

ఆరో ఆదివారం, బ్యాటరీ మార్చడానికి ఇన్‌స్పెక్టర్ షెడ్డులోకి వెళ్ళాడు. పుస్తకం బల్లమీద తెరిచే ఉంది. ఇంకా ఎన్ని పాఠాలు ఈ మొహం భరించాలో చూద్దామని ఆపరేటర్ వంగాడు.

మొదటి వారం: 'లేపాల్సిన చోట కిందికి లాగుతున్నాడు.' రెండో వారం: 'మిషను అదుపు తప్పగానే రెండు చేతులూ వదిలేస్తున్నాడు. మూడుసార్లు.' మూడో వారం: 'మళ్ళీ వదిలేశాడు. ఐదుసార్లు.' ఐదో వారం: 'భయం వేసిన ప్రతిసారీ వదిలేస్తాడు. ఆలోచించి చేసేది కాదు, పాత అలవాటు. ఇది పోయేదాకా ఒంటరిగా ఎగరేయనివ్వరాదు.' ప్రతి దాని కిందా అదే సంతకం. రిపోర్టు కింద ఉన్నదే.

ఆయన అది రెండోసారి చదివాడు. ఇన్‌స్పెక్టర్ బ్యాటరీతో తిరిగొచ్చేసరికి పుస్తకం ఆయన చేతిలో ఉంది.

"క్లబ్బు పుస్తకం అది. మీరు చూడకూడదు."

"ఈ సంతకం నీదేనా?"

"అక్కడ పెట్టండి."

"నీదేనా, కాదా?"

"నాదే."

"ప్లాస్టిక్ బొమ్మ పక్కకి ఒరిగితే చేతులు వదిలేసేవాణ్ణి, టన్నుల కొద్దీ పైపులు జారుతుంటే లివర్ పట్టుకుని కూర్చున్నానా?"

ఇన్‌స్పెక్టర్ బ్యాటరీని బల్లమీద పెట్టాడు. "అది వేరు, ఇది వేరు."

"చేతులు ఇవేగా."

"బ్రేకు నేనే పరీక్ష చేశాను. పట్టింది."

"ఎప్పుడు చేశావు?"

"మర్నాడు పొద్దున."

"పొద్దున. రాత్రంతా చల్లారిన బ్రేకు. నాకు జారింది మధ్యాహ్నం మూడింటికి, ఆపకుండా ఏడు గంటలు నడిచాక. ఆ మాట నీకు అప్పుడే చెప్పాను. నువ్వు కాగితం మీంచి తలెత్తలేదు." ఆపరేటర్ గొంతు పెంచలేదు, ఒక అడుగు దగ్గరికి జరిగాడంతే. "ఎందుకు ఎత్తలేదో చెప్పనా? తోడల్లుణ్ణి వెనకేసుకొచ్చాడంటారని నీకు భయం. పరాయివాడైతే రెండు పూటలు చూసేవాడివి. నేను కాబట్టి ఒక పూటతో సరిపెట్టావు."

"పుస్తకం ఇవ్వండి."

ఆపరేటర్ ఫోను తీసి ఆ పేజీని ఫొటో తీశాడు. ఇన్‌స్పెక్టర్ పుస్తకం లాక్కోబోయాడు. ఇద్దరూ చెరోవైపు పట్టుకున్నారు. అట్ట చిరిగింది. బల్లల దగ్గరివాళ్ళు లేచి నిలబడ్డారు. ఇన్‌స్పెక్టర్ ముందు వదిలాడు. తీగ చుట్టుకుని, పెట్టెలో పడేసి, వెళ్ళిపోయాడు.

మూడు రోజులు ఆయన ఇంట్లో పలకలేదనీ, అడిగితే కసురుకున్నాడనీ చెల్లెలు అక్కకు ఫోను చేసి చెప్పింది. ఆపరేటర్ ఫొటోని మేనేజరుకు చూపించలేదు. తోడల్లుడేం చేస్తాడో చూడాలనిపించింది. వాడేమీ చేయకపోతే శుక్రవారం చూపిద్దామనుకున్నాడు.

గురువారం ఇన్‌స్పెక్టర్ పొద్దున ఎనిమిదింటికి క్రేన్ కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మధ్యలో ఆపకుండా నడపమన్నాడు. మూడు కావస్తుండగా లారీలన్నిటినీ బయటికి పంపి, పైపుల కట్టని నేలకు మూరెడెత్తున వేలాడదీయించి, లివర్ వదిలేయమని సైగ చేశాడు. స్టోరు గుమ్మంలోంచి ఆపరేటర్ చూస్తున్నాడు. కట్ట నిలబడింది. ఒక నిమిషం అలాగే ఉంది. తర్వాత ఎవరూ దించకుండానే, ముసలావిడ పీట మీద కూర్చున్నట్టు, మెల్లగా కిందికొచ్చి నేలమీద ఆనింది.

బ్రేకు విప్పితే లోపల నూనె. గేరుపెట్టె వేడెక్కినప్పుడు మాత్రమే ఊరి, బ్రేకుని జారేలా చేస్తోంది.

సాయంత్రం ఇన్‌స్పెక్టర్ స్టోరు కిటికీ దగ్గరికొచ్చాడు. ఆయన చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. "తొడుగులు ఒక జత," అన్నాడు. ఆపరేటర్ ఇచ్చాడు. చీటీ ముందుకు తోశాడు. ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టాడు. పెన్ను తిరిగివ్వడానికి ఒక్క క్షణం ఎక్కువ తీసుకున్నాడు. ఆపరేటర్ ఎదురుచూశాడు. ఆయన వెళ్ళిపోయాడు.

కొత్త రిపోర్టు వారం తర్వాత వచ్చింది. 'ప్రమాదానికి కారణం బ్రేకు. ఆపరేటర్ తప్పు లేదు. మొదటి పరీక్ష నేను సరిగా చేయలేదు.' దానికి ఇన్‌స్పెక్టర్‌కు మెమో ఇచ్చారు. ఆపరేటర్‌ని మళ్ళీ క్రేన్ ఎక్కించారు.

అక్కాచెల్లెళ్ళకు పండగలా ఉంది. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి భోజనం పెట్టాలనుకున్నారు.

"వాడు నా ఇంట్లో ముద్ద మింగాలంటే ముందు వాడి నోటితో ఒక మాట అనాలి," అన్నాడు ఆపరేటర్.

అది అటు చేరింది. "రాసిచ్చాను కదా, ఇంకా పాట కూడా పాడాలా?" అని ఇటు వచ్చింది.

భోజనం జరగలేదు.

ఆపరేటర్ మాత్రం ఆదివారం మైదానానికి వెళ్ళాడు. ఇన్‌స్పెక్టర్ ఆయన్ని చూసి మొహం చిట్లించాడు. "ఇంకా దేనికి? మీ క్రేన్ మీకొచ్చిందిగా."

"ఇంకా నాలుగు పాఠాలున్నాయి."

ఇప్పుడు కష్టం రెట్టింపైంది. వారమంతా భయమేస్తే వదలాలి, ఆదివారం భయమేస్తే వదలకూడదు. ఆపరేటర్ దవడలు బిగించి హెలికాప్టర్‌ని నడుమెత్తున నిలబెట్టాడు. గాలి తోసింది. వేళ్ళు లేవబోయాయి, లేవనివ్వలేదు. మిషను ఊగి, సర్దుకుని, నిలబడింది.

"చాలు, దించండి. ముక్కు మనవైపు తిప్పడం వచ్చే వారం. అలా తిప్పితే ఎడమ కుడి తారుమారైపోతాయి."

"ఇప్పుడే తిప్పుతాను."

"పడేస్తారు."

"పడితే పడుతుంది. నువ్వు వేలు తియ్యకు."

ఇన్‌స్పెక్టర్ భుజాలెగరేశాడు. హెలికాప్టర్ మెల్లగా తిరిగి ఇద్దరివైపూ చూసింది. రెండు క్షణాలు బాగానే ఉంది. తర్వాత ఎడమకు జారింది. ఆపరేటర్ ఆపబోయాడు, అది ఇంకా వేగంగా అటే పోయింది, ఒక రెక్క నేలను తాకింది, మిషను మూడు మొగ్గలేసి చెల్లాచెదురైంది.

ఇద్దరూ చెరోవైపు వంగి ముక్కలు ఏరుతున్నారు.

"వేలు తీశావు కదూ?" అన్నాడు ఆపరేటర్.

"తియ్యలేదు."

"నిజంగా?"

"తీసుంటే పడేది కాదు."

ఆపరేటర్ చేతిలోని విరిగిన రెక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. తను స్టిక్ ఎటు వంచాడో బొటనవేలికి ఇంకా తెలుస్తూనే ఉంది. "నేనే తప్పు వైపు వంచాను," అన్నాడు. "రాసుకో."

ఇన్‌స్పెక్టర్ పెన్ను తీశాడు. టైము చూసి, అది కూడా వేసి, రాసుకున్నాడు.